తూకానికో పేరు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నా పని ప్రోగ్రాములు రాయడం. ఆ పని గురించి అందరికీ అర్థమయ్యేలా చెప్పమని సంఘం పెద్దలు షరతు పెట్టారు. బోధన్ ప్రాంతం వాళ్లకు చెప్పాలంటే చెరకు కాంటా కన్నా మంచి ఉదాహరణ ఏముంటుంది?

బండి సరుకుతో కాంటా ఎక్కుతుంది, ఒక తూకం. చెరకు దించాక ఖాళీ బండి ఎక్కుతుంది, రెండో తూకం. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే రైతు చెరకు తూకం. మూడూ టన్నులే. మామూలు ప్రోగ్రాముకు మూడూ ఉత్త అంకెలే. డబ్బు లెక్కలో చెరకు తూకం బదులు ఖాళీ బండి తూకం పడినా కంప్యూటర్ నోరు మెదపదు. నష్టపోయేది రైతు.

ఇలాంటి తప్పులను ప్రోగ్రాము నడవకముందే పట్టుకునే భాషల్లో అడా ఒకటి. అమెరికా రక్షణ శాఖ కోసం తయారై 1983లో ప్రమాణ భాషగా స్థిరపడింది. 1815లో పుట్టిన అడా లవ్‌లేస్ పేరే దానికి పెట్టారు. 2001 జనవరి 4న తొలిసారి ఎగిరిన మన తేజస్ విమానాన్ని అదుపులో ఉంచే సాఫ్ట్‌వేర్‌కూ ఈ భాషనే వాడారు.

అడాలో జెనరిక్ ప్యాకేజీ అని ఒకటుంది. అది ఇటుకల అచ్చు లాంటిది. అచ్చు ఇటుక కాదు, మట్టి పోస్తేనే ఇటుక వస్తుంది. కూడడం, తీసేయడం, పోల్చడం, రసీదు మీద రాయడం, ఇవన్నీ ఆ అచ్చులో ఒక్కసారే రాసి పెట్టుకుంటాం. ఎన్ని దశాంశాలు కావాలో చెప్పి వాడుకుంటే 'తూకం' అనే రకం వస్తుంది. దాన్నుంచి మూడు కొత్త రకాలు పుట్టిస్తాం: నిండు బండి తూకం, ఖాళీ బండి తూకం, చెరకు తూకం. తల్లికి వచ్చిన పనులన్నీ పిల్లలకూ వస్తాయి, మళ్లీ రాయక్కర్లేదు. కానీ ఒకరి చోట ఇంకొకరు కూర్చోలేరు. నిండు బండిలోంచి ఖాళీ బండి తీసి చెరకు తూకం ఇచ్చే ఫంక్షన్ ఒక్కటి మనం రాస్తాం. డబ్బు లెక్కించే ఫంక్షన్ చెరకు తూకం తప్ప మరోటి తీసుకోదు. ఇంకేది ఇచ్చినా కంపైలర్ అక్కడే ఆపేస్తుంది.

అలాగని ప్రతిదాన్నీ విడదీయకూడదు. మొక్క తోట చెరకూ, కార్శి తోట చెరకూ చివరికి ఒకే గానుగకు పోయేవే, వాటిని కలిపి కూడాలి. అలాంటి చోట కొత్త రకం వద్దు, ఉన్న రకానికే ఉపరకం చాలు. చెరకు, చక్కెర అలా కాదు. 10.25 శాతం రికవరీ ఉంటే 100 టన్నుల చెరకుకు వచ్చేది 10.25 టన్నుల చక్కెర. ఆ రెండు టన్నులనూ కూడితే వచ్చే అంకెకు అర్థమే లేదు. ఏవి కలవాలో, ఏవి కలవకూడదో భాషకు తెలియదు. పొలం తెలిసినవాడే చెప్పాలి.

ఇంకో జాగ్రత్త ఉంది. 2024-25 సీజన్‌కు కేంద్రం నిర్ణయించిన చెరకు ధర 10.25 శాతం రికవరీకి క్వింటాలుకు 340 రూపాయలు. కాంటా చెప్పేది టన్నుల్లో. 12 టన్నులంటే 120 క్వింటాళ్లు, 40,800 రూపాయలు. టన్నులు ఒక రకం, క్వింటాళ్లు ఒక రకం అని ఒకే తల్లి నుంచి పుట్టించామనుకోండి. ఒకదాన్ని ఇంకోదానిగా నేరుగా మార్చమంటే అడా మారుస్తుంది, కానీ పదితో గుణించదు. 12 టన్నులు కాస్తా 12 క్వింటాళ్లవుతాయి. రైతు చేతికి వచ్చేది 4,080. అందుకే గుణించి మార్చే ఫంక్షన్ మనమే రాయాలి, రకాన్ని ప్యాకేజీ లోపల దాచి నేరుగా మార్చే దారి మూసేయాలి.

ఇది పల్లెటూరి లెక్క అనుకోకండి. ఒక ప్రోగ్రాము పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇచ్చిన అంకెలను ఇంకోటి న్యూటన్ సెకన్లుగా తీసుకోవడం వల్లే 1999 సెప్టెంబరు 23న నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దగ్గర గల్లంతైంది.

శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక ఆ కాంటా ముందు బండ్ల వరస మన పిల్లల కళ్ల ముందు లేదు. తూకానికి వెనక మనిషి ఉంటాడన్న సంగతి ఇక బడిలోనే చెప్పాలి. గురువులకు నా మనవి ఒక్కటే. జవాబులో అంకె సరిగ్గా ఉండి యూనిట్ రాయకపోతే అర మార్కు కోస్తూనే ఉండండి. రేపు ఆ పిల్లల్లో ఒకరు రాసే ప్రోగ్రాములో ఆ అర మార్కే ఎవరో ఒక రైతు ఏడాది కష్టాన్ని కాపాడుతుంది.