గీతలు గీసిస్తాను, మీరు నింపండి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను వైద్య సమాచారానికి సంబంధించిన సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. "అంటే ఏం చేస్తావు నాయనా?" అని మన సార్లు ఎన్నిసార్లు అడిగినా సరిగ్గా చెప్పలేకపోయాను. ఈ రోజు చెబుతాను.

ఎనిమిదో తరగతిలో నేను క్లాసు లీడర్ని. సార్ మార్కుల రిజిస్టరులో స్కేలు పెట్టి గీతలు గీసి, పైన తెలుగు, హిందీ, లెక్కలు అని రాసి నా చేతికిచ్చేవారు. నేను అంకెలు దించేవాణ్ణి. రిజిస్టరు ఎలా తయారు చేయాలో నాకేం తెలుసు? గీతలున్నాయి కాబట్టి ఏది ఎక్కడ రాయాలో తెలిసేది. ఇప్పుడు నా పని ఆ గీతలు గీయడమే.

ఎందుకో చెప్పాలంటే మా అమ్మ సంగతి చెప్పాలి. కొన్నేళ్ల కిందట అమ్మ ఎండకు కళ్లు తిరిగి పడిపోయింది. "మూర్ఛ వచ్చింది" అని మావాళ్లు ఆసుపత్రిలో చెప్పారు. మా ఇంట్లో సొమ్మసిల్లినా మూర్ఛే, ఫిట్స్ వచ్చినా మూర్ఛే. చీటీలో ఫిట్స్ అని పడింది. ఏడాదిన్నర ఆ మాత్రలు మింగి మగతగా మంచాన పడి ఉంది. మరో ఊళ్లో ఒక డాక్టరు "పడినప్పుడు కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయా?" అని అడిగేదాకా ఆ మాటను ఎవరూ తిరిగి చూడలేదు. మాత్రలు మెల్లగా తగ్గించి మాన్పించారు. అమ్మ లేచి తిరిగింది.

మనిషైతే ఇలా అడిగి తెలుసుకుంటాడు. కంప్యూటరుకు మాత్రం ఏ జబ్బు దేనిలో ఒక రకం, శరీరంలో ఎక్కడ వస్తుంది, ఏ లక్షణాలుంటాయి అని విడమరిచి రాసివ్వాలి. మనుషులకు వంశవృక్షం ఉన్నట్టు జబ్బులకూ, కణాలకూ, జన్యువులకూ చుట్టరికాల చిట్టా అన్నమాట. దాన్నే ఆంటాలజీ అంటారు. పండ్ల ఈగ, ఎలుక, ఈస్ట్‌ల జన్యువుల మీద పనిచేసేవాళ్లు కలిసి 1998లో మొదలుపెట్టిన జీన్ ఆంటాలజీ వీటిలో బాగా పేరున్నది.

చిక్కు ఎక్కడంటే, ఈ చిట్టాను 'ఔల్' అనే తర్కభాషలో రాయాలి. ఆ భాష వచ్చినవారికి కిడ్నీ గురించి తెలియదు. కిడ్నీ గురించి తెలిసినవారికి ఆ భాష రాదు. ఇంగ్లండులో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు దీనికి 'పాపులస్' అనే పనిముట్టు తయారుచేసి 2012లో దాని వివరాలు ప్రచురించారు. కిడ్నీ శాస్త్రవేత్తల ముందు ఎక్సెల్ లాంటి పట్టిక పెట్టారు. ఒక గడిలో కణం పేరు, పక్క గడిలో అది ఉండే భాగం, ఇంకో గడిలో అది చేసే పని. ఏ గడిలో ఏ పదాలు పట్టాలో ముందే నిర్ణయించి చూపిస్తారు. నిండిన వరుసలను తర్కభాషలోకి మార్చేది పనిముట్టే. ఇప్పుడు చాలామంది వాడే 'రోబోట్'లోనూ ఇలాంటి పద్ధతే ఉంది. మొదటి వరుసలో శీర్షికలు, రెండో వరుసలో కంప్యూటరుకు సూచనలు, ఆ కింద విషయం తెలిసినవారి రాత. సూచనలో తప్పుంటే ఒక్కచోట దిద్దితే చాలు, వెయ్యి వరుసలూ మళ్లీ తయారవుతాయి.

అయితే ఒక మాట దాచకూడదు. నేను నూటికి నూటపది మార్కులు వేస్తే సార్ కంటికి వెంటనే దొరికేది. అలాంటి పొరపాట్లు కంప్యూటరూ పట్టేస్తుంది. ఇద్దరి మార్కులు అటూ ఇటూ అయితే మాత్రం సార్‌కూ దొరికేది కాదు. ఆ పిల్లవాడే లేచి "ఇవి నావి కావు సార్" అనాలి. మా అమ్మ చీటీలో 'ఫిట్స్' అన్న మాట ఆ గడికి చక్కగా సరిపోయింది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. గీతలు ఎంత బాగా గీసినా, నింపేవారికి విషయం తెలిసి ఉండాలి.

అందుకే నాదొక మనవి. మన బడిలో చదివి నర్సులు, ఏఎన్‌ఎంలు, మందుల షాపులవాళ్లు అయినవారు ఈ సభలో ఉన్నారు. గోనెగండ్ల, ఎమ్మిగనూరు, ఆదోని వైపు జనం జబ్బులకు వాడే మాటలు, వాటిలో కలిసిన కన్నడం, ఉర్దూ మీకు తెలిసినట్టు నాకు తెలియవు. నాలుగు గడుల పట్టిక ఒకటి తెచ్చాను. మన మాట, దాని అర్థాలు, తేడా తేల్చే ప్రశ్న, డాక్టర్ల మాట. మీరు నింపండి. తప్పులుంటే గురువులు దిద్దుతారు.

మొదటి వరుసలో 'మూర్ఛ' అని రాసుకొచ్చాను. రెండో వరుస ఖాళీగా ఉంది.

సెలవు.