శివథీరియము - రాతి యెముక సాక్ష్యము



నా చిన్ననాట మా యూర నూయి త్రవ్వుచుండగా రాయివలె గట్టిపడిన పెద్ద యెముక యొకటి బయటపడెను. రాక్షసునిదని కొందఱు, ఏనుగుదని కొందఱు వాదించిరి. ప్రొద్దుగ్రుంకునప్పటికి దానిని గడ్డపాఱతో పగులగొట్టితిమి. ఆ పనిలో నేనును చేయి వేసితిని. అది యేమైనదియు నేటికిని తెలియదు, ఇక తెలియబోదు. ఆ వెలితియే నన్నీ ప్రసంగమునకు పురికొల్పినది.

హిమాలయముల పాదమున శివాలిక్ కొండలున్నవి. పూర్వము నదులు తెచ్చిపోసిన యిసుకయు బురదయు గట్టిపడి, భూమి ముడుతలు పడగా పైకి లేచి కొండలైనవి. ఆ బురదలో పూడిన జంతువుల యెముకలును రాళ్లయినవి. 14వ శతాబ్దమున ఫిరోజ్ షా తుగ్లక్ కాలువ త్రవ్వించినపుడు గొప్ప యెముకలు దొరకెననియు, కొన్నింటిని మనుష్యులవిగా నెంచిరనియు ఫెరిష్తా తన చరిత్రలో వ్రాసెను.

సహారన్‌పూరు వృక్షోద్యానమునకు అధికారియైన హ్యూ ఫాల్కనర్, కాలువల యింజనీరు ప్రోబీ కాట్లీ, ఆ కొండలలో దొరకిన యొక పెద్ద పుఱ్ఱెను 1836వ సంవత్సరమున వర్ణించి, ఆ జంతువునకు శివథీరియమని పేరిడిరి. శివుని మృగమని దాని యర్థము. కన్నులకు పైగా రెండు చిన్న కొమ్ములు, నెత్తి వెనుక పాయలుగా చీలిన రెండు పెద్ద కొమ్ములు, ఆకులలములు నమలి నెమరువేయు పండ్లు, చీలిన గిట్టలు. ఇదీ దాని రూపము.

అంతటి పండితులును పొరపడిరి. ముక్కు తీరు చూచి దీనికి ఏనుగువలె తొండముండెనని తలచిరి. పిమ్మటివారు ఆ యెముకలనే మరల పరిశీలించి, ఇది జిరాఫీ కులమునకు చెందినదనియు, మెడమాత్రము పొట్టిదనియు తేల్చిరి. ఏనుగంత బరువని చిరకాలము చెప్పుకొన్నదానిని, 2016లో ముగ్గురు పరిశోధకులు ఎముకల కొలతలనుబట్టి సుమారు 1,250 కిలోగ్రాములని లెక్కించిరి.

పెద్దలారా! తగవులు తీర్చు మీకు నేను వేఱుగ చెప్పనేల? తీర్పు తప్పినను సాక్ష్యము చెడకున్న దిద్దుకొనవచ్చును. సాక్ష్యమే చెడినచో ఎంతటి బుద్ధిమంతుడును చేయగలదేమియు లేదు. ఆ పుఱ్ఱె నిలిచినది గనుకనే దానిపై తప్పులు తప్పులుగా తేలినవి. మా నూతి యెముకకు ఆ భాగ్యము లేకపోయెను.

మీ యూర నూతిలోనో, యేటిగట్టుననో అట్టిది కనబడినచో గడ్డపాఱ నాపింపుడు. దానిని కదలింపక, చోటును లోతును వ్రాసియుంచి, సమీపమునగల కళాశాలకో జియలాజికల్ సర్వేవారికో తెలియజేయుడు. అది రాక్షసుడో, ఏనుగో, మఱేమో పిమ్మట నెమ్మదిగా విచారించుకొనవచ్చును.