ఓస్కారి తోకోయి ప్రవాసము

1917 మార్చి మాసమున రష్యా చక్రవర్తి సింహాసనభ్రష్టుడు కాగా, ఆ సామ్రాజ్యమునకు లోబడియున్న ఫిన్లాండు దేశమున ప్రధానమంత్రిత్వముతో తుల్యమైన పదవి నలంకరించినవాడు, యౌవనమున అమెరికా గనులలో దాదాపు తొమ్మిదేండ్లు కాయకష్టము చేసి స్వగ్రామమునకు మరలివచ్చిన ఓస్కారి తోకోయి యను సామ్యవాది. అంతకు ముందటి యేడు జరిగిన ఎన్నికలలో ఆయన పక్షము 200 స్థానములకు 103 గెలుచుకొనియుండెను; అయినను ఆయన మంత్రివర్గమున ప్రతిపక్షులకును చోటొసగెను. ఆ ఔదార్యము కొన్ని నెలలకంటె నిలువలేదు.

1918లో అంతర్యుద్ధము చెలరేగినప్పుడు ఎర్రసేనల ప్రభుత్వమున ఆహారశాఖను నిర్వహించి, ఓటమి పిదప రష్యాకు పారిపోయిన తోకోయి, బోల్షివిక్కుల మార్గమును నిరసించి, రష్యా ఉత్తరతీరమున ఆంగ్లేయులు సమకూర్చిన ముర్మాన్స్కు దళమున చేరెను. దానితో స్వదేశమున విజేతలకు రాజద్రోహియు, మాస్కోలోని స్వజాతి కమ్యూనిస్టులకు మరణదండనార్హుడును ఆయెను. ఇరుపక్షములచేతను ఇట్లు వెలివేయబడినవారు చరిత్రలో అరుదు; ఆయన నిలకడలేనివాడని కొందరందురు గాని, నాకు మాత్రము ఆ తీర్పు తొందరపాటుగానే తోచును.

ఇంగ్లండు, కెనడాల మీదుగా 1921లో అమెరికా చేరి, మాసచూసెట్సు రాష్ట్రములోని ఫిచ్‌బర్గున ఫిన్నిషు కార్మికుల పత్రికయైన 'రైవాయా'కు సంపాదకుడై, 1963లో పరమపదించువరకు ఆయన ఆ దేశమందే నివసించెను. 1944లో ఫిన్లాండు పార్లమెంటు ప్రత్యేకశాసనముచే ఆయనను క్షమింపగా, పిమ్మట మాతృభూమిని సందర్శించుట సాధ్యమాయెను. ఆ శాసనమును అచటివారు తోకోయి పేరుతోనే వ్యవహరింతురు.