తల్లి పఠనము – పిల్లల వేసవి
(గ్రంథాలయ రజతోత్సవ మహిళాసభలో చేసిన ప్రసంగపాఠము)



ఈ రజతోత్సవమున దాతలను గూర్చియు, కట్టడమును గూర్చియు, బీరువాలలోని గ్రంథముల సంఖ్యను గూర్చియు పెద్దలు చాల చెప్పిరి. పుస్తకము గ్రంథాలయపు గడప దాటి యింటికి పోయిన పిమ్మట దాని గతి యేమగునో యెవరును చెప్పలేదు. పెక్కు ఇండ్లలో అది చందాదారుని తలగడ క్రింద నాలుగు దినములుండి, ఐదవనాడు వంటింటి గూటికి చేరును. అచ్చట దానికి నిజమైన పాఠకురాలు దొరకును. ఆమెకు చందా లేదు. రిజిష్టరులో పేరు లేదు. పుస్తకమును మొదటి పుట నుండి తుదివరకు చదువునది మాత్రము ఆమెయే. నేటి ప్రసంగమునకు విషయము ఆ యిల్లాలును, వేసవిలో ఆమె చుట్టు మూగు పిల్లలును.

తెలుగునాట బడులకు ఏప్రిలు చివరివారము నుండి జూను రెండవవారము వరకు, దాదాపు ఏడువారములు, సెలవులు. పిల్లలకది పండుగ, తల్లికి మాత్రము ఏడాదిలో నింతకంటె పని యెక్కువగల కాలము లేదు. మామిడికాయ కొట్టించవలెను, ఆవపిండి దంచవలెను, వడియములు పెట్టవలెను, అప్పడములు వత్తవలెను, చింతపండు పిక్క తీసి జాడీలకెత్తవలెను. దీనికి తోడు ప్రొద్దెక్కినది మొదలు వడగాలి. బయటకు పోవలదన్న పిల్లలు వినరు. లోపల నుండుమన్న ఊరకుండరు.

ఇందులకు ఇండ్లలో మూడు మందులు వాడుచున్నారు. కసరుట, నిద్రపుచ్చుట, చేతికి ఫోను ఇచ్చుట. కసరుటవలన తల్లికి గొంతునొప్పి తప్ప ఫలము లేదు. నిద్ర కొంత మేలు, కాని పగలు నిద్రించిన పిల్లవాడు రాత్రి పన్నెండింటివరకు కథ చెప్పుమని వేధించును. మూడవ మందు వెంటనే పనిచేయును. ఫోను చేతనున్న బిడ్డ కదలడు, మెదలడు. తల్లి పని సాగును. అందులకామెను నిందించుట సులభము, ఆమె పని పంచుకొనుట కష్టము. నిందించువారు సాధారణముగ పంచుకొననివారే.

నాలుగవ మందు ఒకటి కలదు. మధ్యాహ్నము భోజనములైన పిదప, అంట్లు తోమి, వంటిల్లు కడిగి, తల్లి నడుము వాల్చు వేళ యొకటి ఉండును గదా. ఆ వేళ ఆమె అరగంటసేపు పైకి వినబడునట్లు చదువుకొనుటయే యా మందు. పిల్లలకొరకు చదువుట కాదు, తనకొరకు చదువుకొనుట. ఈ భేదము చిన్నదిగ తోచును గాని కార్యమంతయు నిందే యున్నది. పిల్లలకొరకు చదివిన చదువులో పాఠపు వాసన కొట్టును, వారు మెల్లగ జారుకొందురు. తల్లి తన సంతోషమునకై ఒక పుటలో మునిగి, నవ్వుకొనుచు, కొంగుతో కన్ను తుడుచుకొనుచు నుండగా జూచిన పిల్లలు పిలువకయే వచ్చి ప్రక్కన కూర్చుందురు. "ఎందులకు నవ్వితివి?" అని యడుగుదురు. ఆ ప్రశ్నయే వారికి అక్షరాభ్యాసము.

అరగంటతో నేమగునని కొందరు చప్పరింతురు. లెక్క కట్టి చూడుడు. ఏడువారములన్న 49 దినములు. పెండ్లిండ్లకు, అమ్మమ్మగారింటి ప్రయాణమునకు, జ్వరములకు తొమ్మిది దినములు తీసివేయుడు, నలువది మిగులును. దినమునకు పది పుటలు పైకి చదివిన 400 పుటలు. అనగా వేసవి ముగియునప్పటికి ఒక పెద్ద నవలయో, భాగవతకథలును పంచతంత్రపు కథలును కలిసిన రెండు పుస్తకములో ఆ యింట పూర్తియైనవన్నమాట. బడిలో నేర్చిన అక్షరము ఏడువారములు మూలబడి తుప్పుపట్టకుండుట దీనిపై లాభము.

తల్లి పఠనమునకు తెలుగువారి చరిత్రలోనే గొప్ప సాక్ష్యమున్నది. భండారు అచ్చమాంబగారు 1874లో జన్మించిరి. ఆమెకు బాల్యముననే వివాహమయ్యెను. బడి చదువు లేదు. తండ్రి గతించుటచే తల్లిని, చిన్నతమ్ముని తన యింటికి తెచ్చుకొని, భర్త ఉద్యోగము చేయుచుండిన నాగపూరు ప్రాంతమున వారిని పోషించెను. తమ్ముడు చదువుకొనుచుండగా ఆమెయు ప్రక్కన కూర్చుండి చదివెను. ఇంటిపని చక్కబెట్టుకొన్న పిదప మిగిలిన తీరికవేళలే యామె కళాశాల. అట్లు నేర్చిన చదువుతో ఆమె దేశదేశముల స్త్రీల చరిత్రలు సేకరించి, 1901లో "అబలా సచ్చరిత్ర రత్నమాల" ప్రకటించెను. కన్నబిడ్డలు దక్కకపోగా పరుల బిడ్డలను చేరదీసి చదువు చెప్పించెను. 1905లో, ముప్పది యేండ్ల ప్రాయముననే, కన్నుమూసెను.

ఆ తమ్ముడెవరు? కొమర్రాజు లక్ష్మణరావుగారు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పినవారిలో ముఖ్యులు. 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి చరిత్రను, శాస్త్రములను తెలుగున అచ్చువేయించిన మహానుభావులు. ఆంధ్రదేశమున గ్రంథాలయములకు బీజము వేసినవారిలో నొకరు అక్కగారి యింట, అక్కగారి పుస్తకము ప్రక్కన పెరిగిరి. తమ్ముడు అక్కకు చదువు చెప్పెనని వ్రాయుటయే వాడుక. అక్క చదువుచుండుట చూచి తమ్ముని కెంత పట్టుదల కలిగియుండునో యెవరును వ్రాయరు.

ఇక పూర్వపక్షము. పుస్తకము పట్టిన చేతికి గరిటె బరువగునని ముసలమ్మలు కొందరందురు. కోడలు పుస్తకము విప్పగానే "ఆవిడకు తీరిక యెక్కువైనది" అని పొరుగింటివారును వంతపాడుదురు. మగవాడు అరుగుమీద వార్తాపత్రిక రెండుగంటలు చదివిన నది లోకజ్ఞానము. ఇల్లాలు కథ అరగంట చదివిన నది సోమరితనము. ఈ తూనికరాళ్లు సరియైనవి కావు. పప్పు మాడుట పుస్తకము చదివిన ఇండ్లలోనే కాదు, పొరుగువారితో ముచ్చటలాడిన ఇండ్లలోను కలదు. పెక్కు ఇండ్లలో ఇల్లాలు ఈ మాటలకు వెరచి పుస్తకమును బియ్యపుడబ్బా వెనుక దాచి చదువును. ఇందువలన నష్టమేమనగా, తల్లి చదువుటను బిడ్డ యెన్నడును చూడడు. చదువుట దాచుకొనవలసిన పనియని మాత్రము కూతురు నేర్చుకొనును.

ఏమి చదువవలెనను ప్రశ్నకు తల్లియే ప్రమాణము. నవలలు పనికిరావనుట పొరబాటు. కోడూరి కౌసల్యాదేవిగారి "చక్రభ్రమణము" చదివిన తల్లులెందరో. అది 1964లో "డాక్టర్ చక్రవర్తి" చిత్రముగను వచ్చినది. ఇల్లిందల సరస్వతీదేవిగారి "స్వర్ణకమలాలు" 1982లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము పొందినది. స్త్రీలు వ్రాసిన కథలలో స్త్రీలకు తమ యింటి ధ్వని వినబడును. పిల్లలతో కలిసి నవ్వుకొనుటకు ముళ్లపూడి వెంకటరమణగారి "బుడుగు" చాలును. అది చదువునప్పుడు నాయనమ్మ నిద్రనటించుట మాని లేచి కూర్చుండును. న్యాపతి రాఘవరావుగారు 1945లో ప్రారంభించిన "బాల" ఏనాడో ఆగిపోయినది. 1947 జూలైలో పుట్టిన "చందమామ" కూడ 2013 నాటికి నిలిచిపోయినది. కాని పాత సంచికలను బైండు చేయించి దాచుకొన్న గ్రంథాలయములకు అవి నేటికిని పంటపొలములే.

ప్రాచీనకావ్యములు కఠినములని తల్లులు వెనుదీయనక్కరలేదు. చిన్నయసూరిగారి "నీతిచంద్రిక" బడిలో దండనగ తోచును. కథను తల్లి ముందుగ తన మాటలలో చెప్పి, పిమ్మట రెండు వాక్యములు మాత్రము సూరిగారి మాటలలో వినిపించినచో విందగును. పోతనగారి భాగవతమును గూర్చి చెప్పనక్కరయే లేదు. నాలుగవ స్కంధమున ధ్రువుడు, ఏడవ స్కంధమున ప్రహ్లాదుడు, ఎనిమిదవ స్కంధమున గజేంద్రుడును వామనుడును, పదవ స్కంధమున చిన్నికృష్ణుడు, రుక్మిణి. వేసవికి చాలినంత సంబారమిందే కలదు. పద్యమునకు అర్థము చెప్పుటకు తొందరపడరాదు. నడక చెవినబడిన, అర్థము తరువాత తానే వచ్చును.

వీనిలో ధ్రువుని కథ వేసవికి మరియు తగినది. ఐదేండ్ల బాలుడు తండ్రి తొడయెక్కబోగా సవతితల్లి సురుచి త్రోసిపుచ్చినది. వాడేడ్చుచు కన్నతల్లి సునీతి కడకు పోయెను. ఆమెయు ఏడ్చినదే గాని, బిడ్డకు ద్వేషము నేర్పలేదు. హరిని శరణు పొందుమని త్రోవ చూపినది. మధ్యాహ్నము ఈ కథ చదివిన యింట పిల్లలు ఊరకుండరు, "ఆ ధ్రువుడెక్కడ?" అందురు. రాత్రి వాకిట మంచములు వేసుకొన్నప్పుడు చూపవచ్చును. మే మాసమున రాత్రి యెనిమిది తొమ్మిది గంటలవేళ సప్తర్షి మండలము ఉత్తరమున ఎత్తుగ నుండును. నాలుగు చుక్కలు మంచము వలె, మూడు చుక్కలు తోక వలె. మంచపు చివరనున్న పులహ క్రతువులను కలుపు గీతను క్రతువు దిక్కుగ ముందునకు సాగించిన ధ్రువుడు కనబడును. తెలుగుదేశమున అతడు చాల తక్కువ యెత్తుననే యుండును గనుక ఉత్తరమున ఇండ్లు, చెట్లు అడ్డములేని చోటు వెదకుకొనవలెను. తోకలో నడిమి చుక్క వసిష్ఠుడు. అతని నంటి మినుకుమినుకుమనునది అరుంధతి. దానిని ముందుగ కనుగొన్నవారు గెలిచినట్లు. ఆ తోక వంపు వెంబడి చూపు సాగించిన స్వాతి, ఇంకను సాగించిన చిత్ర. రాత్రి ముదిరినకొలది ఆగ్నేయమునుండి వృశ్చికము లేచి, దాని నడుమ జ్యేష్ఠ యెఱ్ఱగ మెఱయును. ఇందులకు దుర్భిణి అక్కరలేదు, వీథిదీపము కొంచెము దూరముగ నున్న చాలును.

పగటి పనిలోను పిల్లలకు పాలున్నది. మేడమీద వడియములకు కాకికాపలా పెట్టిన పిల్లలకు గొడుగు, చెంబెడు మజ్జిగ, ఒక పుస్తకము ఇచ్చి కూర్చుండబెట్టవలెను. కథ రసపట్టున నున్నప్పుడు కాకి కొన్ని వడియము లెత్తుకొనిపోవుట తప్పదు. ఆ నష్టము భరింపదగినదే. వరుసకు తొమ్మిది చొప్పున పన్నెండు వరుసలు పెట్టించి మొత్తమెంతయని యడిగిన ఎక్కము వడియములలో వచ్చును. వడగాలివేళకు ఇంటిలో ఆటలుండనే యున్నవి. వామనగుంటలు, పులిజూదము, గవ్వలతో అష్టాచెమ్మా. తాటాకుబొమ్మల పెండ్లి సరేసరి. వీనిని గూర్చి పెంచి చెప్పుట పెద్దలకు పెద్దలు నేర్పుటవలె నుండును.

చదువురాని తల్లుల మాటయో? ఈ ప్రశ్న సభలో ఎవరైన నడుగకమునుపే చెప్పవలసినది. నాలుగవ తరగతి కూతురు చదువును, తల్లి బియ్యములో రాళ్లేరుచు వినును. కూతురు తడబడి "గజేంద్రుడు సముద్రమున దిగెను" అని చదివిన, హరికథలు విని పెరిగిన తల్లి తలయెత్తకయే "కాదే అమ్మా, మడుగున" అనును. ఆ నిమిషమున గురువెవరు, శిష్యురాలెవరు? పుస్తకమునకు ముందే తల్లి చెవులలో కథ యున్నది. కూతురు దానిని అక్షరములలో కనుగొనుచున్నది. అట్టి తల్లులలో కొందరు నాలుగైదు వేసవులలో తామే కూడబలుకుకొనుట నేర్తురు.

మధ్యాహ్నపు తీరిక అందరికిని లేదు. తెల్లవారకమునుపే కూలికి పోయి, ఎండబడి యింటికి వచ్చిన తల్లికి మధ్యాహ్నము నిద్రయే కావలెను. ఆమె కథ రాత్రి భోజనములైన పిదపనే. సాయంకాలము ఏడింటికి తలుపులు మూసికొను గ్రంథాలయము ఆమెకు లేనట్లే. 1960 నాటి చట్టము ననుసరించి ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయసుంకము చెల్లు నిండ్లలో ఆమె గుడిసెయు నొకటి. ఆమె పైసలు జమలో చేరుచుండగా ఆమె వంతు పుస్తకము ఆమెకు చేరకుండుట న్యాయము కాదు.

పాఠకుడు గ్రంథాలయమునకు రాజాలనిచో గ్రంథాలయమే పాఠకునికడకు పోవలెననుట కొత్తమాట కాదు. 1935లోనే పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువపై పుస్తకములను పడవలో త్రిప్పిరి. ఈ గ్రామమునకు పడవ అక్కరలేదు. బడి సెలవులలో ఖాళీగనున్న పిల్లలు, ఒక చేతిసంచి చాలును. వేసవి ఏడువారములలో వారమునకు రెండుమారులు వీథివీథికి సంచి పోవలెను. ఇల్లాలి పేరనే కార్డు ఇచ్చి, ఒక్కటికి మారుగ మూడు పుస్తకములు పుచ్చుకొననిండు. గడువు దాటెనని జరిమానా వేయకుడు. పుస్తకమునకు ఆవకాయ నూనె మరక తగిలినదని మొగము చిట్లింపకుడు. ఎన్నడును విప్పక బీరువాలో పురుగులు కొట్టుచున్న పుస్తకములకంటె అది మేలైన స్థితిలో నున్నది. వారమున రెండు రాత్రులు తొమ్మిదివరకు తలుపు తెరచియుంచుడు. దీపపు ఖర్చు స్వల్పము.

జూనులో బడి తెరచిన మొదటి శనివారము సాయంకాలము పిల్లలను, తల్లులను ఈ మందిరమునకే పిలిచి, ఏ యింట నే పుస్తకము పూర్తియైనదో పిల్లలచేతనే చెప్పింపుడు. చెప్పినది చెప్పినట్లు తల్లి పేరుతో సహా రిజిష్టరున వ్రాయింపుడు. ఇరువదియైదేండ్ల రిజిష్టరులో తల్లి పేరునకు గడి లేదు. కార్యదర్శిగారు ఈ రాత్రియే స్కేలు పెట్టి ఒక గీత గీయవచ్చును.