సాధన ఆగిన చోట

గిటారు నేర్చుకొనువారికి తొలి మాసములలో వ్రేళ్లు నొచ్చినను ఉత్సాహము తగ్గదు. వారమువారము క్రొత్త పాట చేతికి వచ్చుచుండును. పిమ్మట ఒకనాడు ఆ ముందడుగు ఆగును. ఎంత వాయించినను నిన్నటి తప్పే నేడును దొర్లును. పలువురు వాద్యమును గోడకు తగిలించునది ఈ దశలోనే.

1897లో బ్రయన్, హార్టర్ అను అమెరికను పరిశోధకులు టెలిగ్రాఫు నేర్చుకొనువారిలో ఇట్టి నిలుపుదలనే గుర్తించిరి. అక్షరములు వినుటనుండి మాటలు వినుటకు మారునపుడు అది కలుగునని తలచిరి. 1958లో కెల్లర్ అను మనస్తత్త్వవేత్త అది అనివార్యము కాదని వాదించెను. నిలుపుదల విధివ్రాత కానిచో, సాధన తీరు మార్చి చూడవచ్చును.

ఆగినవారు సాధారణముగా పాటను మొదటినుండి తుదివరకు మరల మరల వాయింతురు. వచ్చిన భాగము చక్కగా పలుకును. రానిచోట తప్పే అలవాటగును. అట్లు గాక, చేయి తడబడు రెండు పట్టులను మాత్రమే వేరుచేయవలెను. చూపుడువ్రేలిని ఆరు తీగలపై అడ్డముగా అదుము పట్టు పలువురకు అట్టిది. ఒక్కొక్క తీగను విడిగా మీటి, ఏది మూగవోవుచున్నదో వినవలెను. తప్పు దొర్లనంత నెమ్మదిగా ఒక పట్టునుండి రెండవదానికి మారవలెను. శుద్ధముగా పలికిన పిమ్మటనే వేగము కొద్దికొద్దిగా పెంచవలెను.

దినమునకు పది నిమిషములు ఆ ఒక్క చోట నిలిచి సాధన చేసినచో, గోడకెక్కిన గిటారు మరల ఒడిలోనికి దిగును.