పెళ్లి మాటల్లో ప్రభుత్వం

పట్టాలు అందుకుంటున్న యువతీయువకులకు హృదయపూర్వక అభినందనలు.

మీలో చాలామంది ఇళ్లలో త్వరలోనే పెళ్లి మాటలు మొదలవుతాయి. ఆ మాటల దగ్గర ప్రభుత్వం కూడా ఊరి పెద్దమనిషిలా వచ్చి కూర్చుంటుంది. ఎంతమందిని కనాలో తానూ చెబుతుంది.

1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లను స్థానిక ఎన్నికల్లో పోటీ చేయనివ్వలేదు. ఉద్దేశం జనాభా అదుపు. ఇలాంటి నిబంధన ఉన్న ఐదు రాష్ట్రాల్లో, మన రాష్ట్రంతో సహా, మాజీ ఐఏఎస్ అధికారిణి నిర్మలా బుచ్ అధ్యయనం చేశారు. పదవి కోసం బిడ్డను దత్తతకు ఇచ్చేసినవాళ్లు, గర్భస్రావాలు చేయించినవాళ్లు, భార్యను వదిలేసినవాళ్లు అందులో కనిపిస్తారు. కుర్చీ భర్తది, కడుపుకోత భార్యది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సంతాన సాఫల్య రేటు (ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య) 1.7. అయినా 20-24 ఏళ్ల స్త్రీలలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. అంటే కాన్పులు తగ్గాయే గానీ బాల్యవివాహాలు ఆగలేదు. చిన్న వయసులో పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, ఆ వెంటనే ఆపరేషన్: ఎన్నో ఇళ్లలో ఆడపిల్ల జీవితం ఇలాగే సాగింది. పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నారు. మగవాళ్ల వేసెక్టమీ ఒక శాతం కూడా లేదు, అది అంతకన్నా చిన్న ఆపరేషన్ అయినా!

2024 నవంబరులో రాష్ట్ర శాసనసభ ఆ ఇద్దరు పిల్లల నిబంధనను ఎత్తేసింది. ఇప్పుడు ప్రభుత్వ పెద్దలు ఎక్కువమందిని కనమంటున్నారు. వృద్ధుల సంఖ్య పెరుగుతోందన్న ఆందోళన నిజమైనదే. కానీ నిన్న వద్దన్నప్పుడు అడగని ఆడమనిషిని, నేడు కనమన్నప్పుడైనా అడగాలి కదా!

అమ్మాయిలూ, ఎప్పుడు పెళ్లి, ఎందరు పిల్లలు అన్నది మీరే తేల్చుకోండి. అబ్బాయిలూ, ఆ నిర్ణయాన్ని గౌరవించండి, పిల్లల పెంపకంలో సగం బరువు మోయండి. రేపు మీలో అధికారులయ్యేవాళ్లు, శాసనసభకు వెళ్లేవాళ్లు ఉంటారు. పిల్లల సంఖ్యకు పదవినో పథకాన్నో ముడిపెట్టే ఫైలు మీ ముందుకు వస్తే, దాని భారం ఎవరి మీద పడుతుందో అడిగి తెలుసుకున్నాకే సంతకం పెట్టండి. మీ చదువు మీకూ మీ ఇంటికీ వెలుగునివ్వాలని ఆశీర్వదిస్తున్నాను. శుభం.