ఓకే అనే ముందు



సివిల్ ఇంజనీర్లుగా రేపటి నుంచి మీ నోట పదే పదే వచ్చే మాట ఒకటుంది. ఓకే. దాని గురించే చెబుతాను.

1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్ పత్రికలో అది అచ్చయింది. మాటల్ని కావాలని తప్పుగా రాసి, మొదటి అక్షరాలు మాత్రమే వాడటం ఆనాడు అక్కడి పత్రికలవాళ్లకు ఒక సరదా. ‘ఆల్ కరెక్ట్’ను ‘ఓల్ కొరెక్ట్’ చేసి, ఓ.కె. అన్నారు. మరుసటేడు ఎన్నికల్లో కిండర్‌హుక్ ఊరివాడైన అమెరికా అధ్యక్షుడు వాన్ బ్యూరెన్‌ను ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అని పిలుచుకుంటూ ఆయన మనుషులు ఓకే క్లబ్బులు పెట్టారు. ఆయన ఓడిపోయాడు, మాట మిగిలింది. తర్వాత ఎవరికి తోచిన పుట్టుక వాళ్లు చెప్పారు. చివరికి 1960లలో అలెన్ వాకర్ రీడ్ అనే పండితుడు పాత పత్రికలు తిరగేసి అసలు సంగతి తేల్చాడు.

అంటే ఓకే అసలు అర్థం ‘అంతా సరిగ్గా ఉంది’ అనే. అలా అనడమంటే, ఎవరో ఒకరు చూశారనే కదా! మనం మాత్రం ‘విన్నాను’ అనడానికీ ఓకే, ‘ఇక ఫోన్ పెట్టెయ్’ అనడానికీ ఓకే. ఇంట్లో ఎలా అన్నా ఫరవాలేదు. సైట్‌లో కుదరదు.

నా మొదటి ఉద్యోగంలో మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు స్లాబు పోసే ముందు రోజే సెంట్రింగ్ ఎక్కేవారు. టేపుతో రాడ్ల మధ్య ఎడం కొలిచేవారు. వంగి కవర్ బ్లాకులు చేత్తో తడిమేవారు. మేస్త్రి ‘అంతా ఓకే సార్’ అంటే, ‘నువ్వన్నావు, నేనింకా అనలేదు’ అనేవారు.

ఇప్పుడేం జరుగుతోంది నాన్నా? వాట్సాప్‌లో ఫొటో వస్తుంది, ఆఫీసులో కూర్చుని బొటనవేలు బొమ్మ పంపేస్తారు. ఫొటోలో పై వరస రాడ్లు కనిపిస్తాయి. అడుగున రాడ్లను కప్పే 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కవర్‌కు చోటు ఉందో లేదో కనిపిస్తుందా? అది లేకపోతే తేమ చేరి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు ఉబ్బి కాంక్రీటు పెచ్చులూడుతుంది. అప్పటికి మీరు వేరే ఊళ్లో ఉంటారు. ఆ కప్పు కింద బడిపిల్లలుంటారు.

రెడీమిక్స్ లారీ గేటు దగ్గరికొచ్చాక అందరూ మిమ్మల్ని తొందరపెడతారు, కలిపిన కాంక్రీటు ఎక్కువసేపు ఆగదు గనక. అందుకే చెకింగ్ ముందు రోజే పెట్టుకోండి. మీరు చూడకుండానే లారీని పిలిపించారా, వెనక్కి పంపండి. కాంట్రాక్టరు మీ పై అధికారికి ఫోన్ చేస్తాడు. చేయనివ్వండి. ఆ అధికారి నా దగ్గర పని నేర్చుకున్నవాడైతే, మీ పక్షానే నిలబడతాడు.